దొండాకు పసరు, ఒంటిగది బడి, ఏడాది చదువు

దొండాకు నలిపితే ఒక పచ్చి వాసన వస్తుంది. మొన్న మేనకోడలి ఇంట్లో, మేడ మీద దొండపాదుకి పందిరి తాళ్ళు మారుస్తుంటే ఆ వాసన తగిలింది. తాడు చేతిలోనే ఉంది, మనసు మాత్రం మార్కాపురం వైపు పల్లెల్లోని ఒంటిగది బడుల్లోకి వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నం పలకలు తోమే వేళ. పిల్లలు తలా గుప్పెడు దొండాకు, ఇంట్లో పొయ్యిలోంచి ఆర్పి తీసిన బొగ్గుముక్క ఒకటీ పట్టుకొచ్చేవాళ్ళు. బండ మీద బొగ్గు మెత్తగా నూరి, అందులో దొండాకు పసరు పిండి, ముద్దలా చేసి పలకకి రెండు వైపులా రుద్దాలి. బొగ్గు బరకగా ఉంటే పలకకి గీతలు పడతాయి. పసరు ఎక్కువైతే జిడ్డు పట్టి బలపం జారిపోతుంది, అక్షరం పడదు. నీడన ఆరనిచ్చి పొడిగుడ్డతో తుడిస్తే సోమవారానికి పలక నల్లగా నిగనిగలాడేది. నల్లబల్లకీ అదే మందు, కాకపోతే చేటెడు ఆకు కావాలి. మార్కాపురం పలకలకి పేరుపడ్డ ఊరు కాబట్టి చట్రం లేని ముక్కలకి అక్కడ కరువు లేదు. ఒకటో తరగతి పిల్లల చేతుల్లో అవే ఉండేవి, కిందపడి పగిలినా ఎవరూ ఏడవరు.

ఆ పలకలు ఆరేలోగానే అయ్యవారు వచ్చే వారం పని రాసుకునేవాడు. వారం మొత్తంలో బడి కాస్త నెమ్మదిగా ఉండే గంట అదొక్కటే. ఐదు తరగతులు, నలభై మంది పిల్లలు, ఒక్క మనిషి. ఆ రాతకో పద్ధతి ఉండేది. అది చేతనైనవాళ్ళు చాలామంది రిటైరైపోయారు, కొందరు పోయారు. ఆ పద్ధతి అవసరం మళ్ళీ వస్తుందనీ, అదీ పట్నంలో అపార్ట్‌మెంట్ హాల్లో వస్తుందనీ ఎవరూ అనుకోలేదు.

సంగతేమిటంటే, మేనకోడలు జూన్ నుంచి ముగ్గురు పిల్లల్నీ ఇంట్లోనే చదివించాలని నిర్ణయించుకుంది. పెద్దవాడికి పదేళ్ళు, నడిమిదానికి ఏడు, చిన్నదానికి ఐదు. దొండపాదు పని అయ్యాక లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టింది. రంగురంగుల గడులు. ముగ్గురికీ తలా ఆరు సబ్జెక్టులు, ఒక్కోటీ 40 నిమిషాలు.

"ఒకసారి చూడండి మామయ్యా, ఏమైనా తగ్గిందేమో."

తగ్గడమా! 18 పీరియడ్లు, 720 నిమిషాలు, అంటే రోజుకి 12 గంటలు.

"ముగ్గురు టీచర్లుంటే ఇది నడుస్తుందమ్మా. నువ్వొక్కదానివి."

"ముగ్గురూ ఒకేసారి కూర్చుంటారు కదా మామయ్యా?"

"కూర్చుంటారు. నీ నోరు ఒకటే కదా."

రా, నో, అ

ఒంటిగది అన్నానుగానీ గదికి ముందు ఒక వసారా ఉండేది. ఒకటీ రెండూ వసారాలో, మూడు కిటికీ పక్కన, నాలుగూ ఐదూ బల్ల ముందు. నల్లబల్ల మీద సుద్దతో నిలువుగా రెండు గీతలు గీసి మూడు భాగాలు చేసేవాళ్ళం. దూలానికి వేలాడే రైలుపట్టా ముక్కే గంట. దాన్ని ఇనుపచువ్వతో కొడితే చేలో ఉన్నవాళ్ళకి కూడా టైం తెలిసేది. పొద్దున్నే "రెండొకట్ల రెండు" అని వసారాలోంచి మొదలై, గదిలోంచి పన్నెండో ఎక్కం ఇంకో రాగంలో దానితో పోటీపడేది. దారినపోయేవాళ్ళకి అది గోల. లోపలున్నవాళ్ళకి మాత్రం ఏ తరగతి ఎక్కడ తడబడిందో ఆ రాగంలోనే తెలిసిపోయేది. ఏడో ఎక్కంలో ఏడెనిమిదుల దగ్గరికి రాగానే గొంతులు సన్నబడేవి. ఎప్పుడూ అక్కడే.

టైంటేబుల్‌లో సబ్జెక్టు పేరు కంటే ముందు ఒక అక్షరం రాసేవాళ్ళం. 'అ' అంటే అయ్యవారు దగ్గరుండాల్సిన పని: కొత్త పాఠం, కొత్త లెక్క, ఒక్కొక్కరి చేత చదివించడం. 'నో' అంటే నోటి పని: ఎక్కాలు, పద్యాలు, పైకి చదవడం. 'రా' అంటే రాత పని: చూచిరాత, ఇచ్చిన లెక్కలు, బొమ్మలు. పట్టిక పూర్తయ్యాక అడ్డంగా చూసుకోవాలి. ఏ వరసలోనైనా 'అ' ఒక్కటే ఉండాలి. 'నో' కూడా ఒకటికి మించకూడదు. పొద్దుటి ఎక్కాలు తప్ప, రెండు గుంపులకి ఒకేసారి నోటి పని పెడితే అది బడి కాదు, సంత. రెండు 'అ'లు ఒకే వరసలో పడితే అందులో ఒకటి జరగదు, ఏది జరగదో కూడా ముందే చెప్పొచ్చు: అడగడం రాని పిల్లలది.

ఈ పద్ధతిలో పెద్ద చిక్కు రాత పని ముందే అయిపోవడం. ఒకటో తరగతి పిల్లలు పలక పట్టుకుని ఏడెనిమిది నిమిషాలు, మహా అయితే పది నిమిషాలు నిలుస్తారు. మూడో తరగతికి పావుగంట. ఐదో తరగతి వాళ్ళు అరగంట కూర్చోగలరు. కాబట్టి ఐదో తరగతికి అరగంట భిన్నాలు చెప్పాలంటే ఆలోగా ఒకటో తరగతికి మూడు పనులు సిద్ధంగా ఉండాలి. ఒక్కటే ఇచ్చి వెళితే పదకొండో నిమిషంలో ఎవడో ఒకడు వచ్చి చొక్కా లాగుతాడు. అందుకే వసారా మూలన డబ్బాలో చింతగింజలు, ఇంకో డబ్బాలో ఈనుపుల్లలు, తాడుకి గుచ్చిన బొమ్మల కార్డులు ఎప్పుడూ ఉండేవి. అడగకుండా తీసుకోవచ్చు, ఆడుకున్నాక అక్కడే పెట్టాలి. మేనకోడలి చేత మొదట కొనిపించింది పుస్తకం కాదు, అలాంటి మూడు డబ్బాలు.

లెక్క ఇంకొకటి ఉంది. ఐదు గంటల బడిలో ఐదు తరగతులంటే అయ్యవారి సమయం తరగతికి గంటే. ఆ గంటతోనే పిల్లలు హైస్కూలుకి వెళ్ళారు. ఇంట్లో ముగ్గురే పిల్లలు, పొద్దున మూడు గంటలు సరిగ్గా వాడుకుంటే తలా గంట వస్తుంది. బడులకి 2009 విద్యాహక్కు చట్టం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటలు పెట్టింది, అంటే రోజుకి నాలుగు గంటలు. అందులో హాజరు, వరసలు, నోటు పుస్తకాలు పంచడం, ఒకరి కోసం ఇంకొకరు ఆగడం అన్నీ ఉంటాయి. ఇంట్లో పన్నెండు గంటల గడులు గీసుకోవాల్సిన పని లేదు.

కలిపేవీ, కలపకూడనివీ

వీధిబడుల కాలం నుంచీ ఈ విద్య మనకి ఉన్నదే. 1823లో బళ్ళారి కలెక్టర్ క్యాంబెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకి పంపిన నివేదిక దొరికితే చదవాలి. అప్పట్లో అనంతపురం కూడా ఆ జిల్లాలోదే. పిల్లల్ని మామూలుగా నాలుగు తరగతులు చేసేవారని, కింది తరగతుల్ని కొంతవరకు పై పిల్లలు చూసుకునేవారని, గురువు పైవాళ్ళకి చెబుతూనే బడి మొత్తం మీద ఒక కన్నేసి ఉంచేవాడని అందులో రాశాడు. పొద్దున అందరికంటే ముందొచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్నా, మూడోవాడి నుంచి దెబ్బలు, ఒక్కొక్కరికీ ఒక్కోటి ఎక్కువ. ఆ దెబ్బలు అక్కడితో పోవడమే మంచిది. కానీ ఆ నివేదికలో ఇంకో మాట ఉంది: పిల్లవాడు పై తరగతికి వెళ్ళేది వాడికి వచ్చిన చదువును బట్టి. ఇంటి బడికి ఇంతకంటే పనికొచ్చే సూత్రం లేదు. ఏడేళ్ళ పిల్ల చదవడంలో మూడో తరగతిలోనూ, లెక్కల్లో ఒకటో తరగతిలోనూ ఉండొచ్చు. ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు.

అందుకే ఏడాది ప్రణాళిక రాయబోయే ముందు ఒక గీత గీసి రెండు వైపులు చేయాలి. చదవడం, రాయడం, లెక్కలు ఒక వైపు. ఇవి మెట్ల చదువులు. కింది మెట్టు లేకుండా పై మెట్టు ఉండదు కాబట్టి ఎవరిది వాళ్ళకే చెప్పాలి, కలపకూడదు. సైన్సు, సోషల్, కథలు, పద్యాలు, పాటలు, బొమ్మలు, చేతిపనులు రెండో వైపు. ఇవి ముగ్గురికీ ఒకేసారి చెప్పొచ్చు. ఒకే విషయం చెప్పి చిన్నదాని చేత బొమ్మ వేయించి, నడిమిదాని చేత మూడు వాక్యాలు రాయించి, పెద్దవాడి చేత పేజీ రాయించడమే. పరిసరాల విజ్ఞానం పాఠం మూడు, నాలుగు, ఐదు తరగతులకి కలిపి చెప్పడం ఒంటిగది బడుల్లో అందరూ చేసేవాళ్ళు, ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు మాత్రం విడిగా కూర్చోబెట్టేవాళ్ళు. మేనకోడలి పట్టికలో ఈ ఒక్క మార్పుతో 18 పీరియడ్లు కాస్తా పన్నెండుకి దిగాయి.

పెద్దవాడి చేత చిన్నవాళ్ళకి చెప్పించడం గురించి అడిగింది. చెప్పించొచ్చు, రోజుకి పది పదిహేను నిమిషాలు. వాడికి నీళ్ళు తాగినంత తేలికగా వచ్చినదే చెప్పించాలి: ఎక్కాలు అప్పజెప్పించుకోవడం, ఉక్తలేఖనం చెప్పడం. కొత్త లెక్క వాడి చేత చెప్పిస్తే ఇద్దరూ చెడతారు. వాడికి సగం తెలుసు, దానికి ఆ సగంలో సగం అర్థమవుతుంది, ఆ పొరపాటు మానిపించడానికి నెల పడుతుంది. పైగా ఐదో తరగతి పెద్దపిల్లలు ఏడాదంతా వసారాలోనే గడిపేసి, ఆరో తరగతిలో ఇంగ్లీషు రాక వెనకబడ్డ బడులున్నాయి.

నడిమి తరగతి

ఇదొక్కటి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాను. ఒంటిగది బడిలో ఒకటో తరగతి ఏడుస్తుంది, కాబట్టి అయ్యవారు చూస్తాడు. ఐదో తరగతి పై బడికి వెళ్ళాలి, కాబట్టి ఊరు చూస్తుంది. రెండూ మూడూ బుద్ధిగా కూర్చుంటాయి. చూచిరాత ఇస్తే రాస్తాయి, రాసింది దిద్దకపోయినా అడగవు. మూడో తరగతిలో జరిగిన నష్టం నాలుగో తరగతి భాగహారంలో బయటపడుతుంది. భాగహారానికి ఎక్కం రావాలి, తీసివేత రావాలి, స్థానాలు తెలియాలి. మూడూ మూడో తరగతిలోనే తేలాల్సినవి. అప్పుడు అందరూ 'వీడికి భాగహారం రావట్లేదు' అంటారు. వాడికి రానిది భాగహారం కాదు.

ఇంట్లో ముగ్గురుంటే నడిమిది సరిగ్గా ఆ మూడో తరగతి లాంటిది. ఐదేళ్ళది కొంగు పట్టుకుంటుంది, పదేళ్ళవాడి గురించి చుట్టాలు అడుగుతారు. అందుకని ఏడేళ్ళదాని 25 నిమిషాలు పట్టికలో కదలని గడి కావాలి. ఫోన్ వచ్చినా, పాలవాడొచ్చినా, ఆ రోజు మిగతావన్నీ ఎగిరిపోయినా అది ఉండాలి.

చివరికి పట్టిక ఇలా తేలింది. ఎనిమిదిన్నరకి ముగ్గురూ కలిసి ఇరవై నిమిషాలు: తేదీ, తిథి, ఒక పద్యం, ఒక ఎక్కం. ఆ తర్వాత మొదట చిన్నదాని దగ్గర కూర్చోవాలి, ఇరవై నిమిషాలు. ముందు దాని కడుపు నిండితేనే మిగతా ఇద్దరినీ కూర్చోనిస్తుంది. చాలామంది పెద్దవాడి లెక్కలు ముఖ్యమని వాటితో మొదలుపెడతారు, అరగంటలో మూడుసార్లు లేవాల్సి వస్తుంది. చిన్నదాని తర్వాత నడిమిది. ఆ తర్వాత పెద్దవాడికి అరగంట కొత్త లెక్క. పదీ ఐదుకి తిండి, ఆట. పదిన్నర నుంచి పదకొండూ పది దాకా ముగ్గురికీ కలిపి చెప్పేది. మిగిలిన ఇరవై నిమిషాలు పొద్దున రాసినవి ఎవరివి వాళ్ళ ఎదురుగా దిద్దడానికి. రాత్రి పూట కట్టలు కట్టలు దిద్దడం పెట్టుకుంటే ఇంటి బడి దసరాకి మూతపడుతుంది. దిద్దింది పిల్ల చూడకపోతే దిద్దీ లాభం లేదు. మధ్యాహ్నం పెద్దవాడికి ఒక్కడికే అరగంట ఇంగ్లీషు చదువు, మిగతా ఇద్దరూ నిద్రపోయే వేళ.

వారాల లెక్క

ప్రభుత్వ బడికి జూన్ రెండో వారం నుంచి ఏప్రిల్ 23 దాకా, కాగితం మీద 220 రోజులు ఉండేవి. కందికోతలకి సగం మంది రారు, అమ్మవారు పోస్తే వీధికి వీధి రాదు, ఎన్నికలొస్తే అయ్యవారే ఉండడు. అందుకే అనుభవమున్నవాళ్ళు పాఠాల్ని 220 రోజులకి పంచేవాళ్ళు కాదు.

ఇంటికి వేసిన లెక్క: 52 వారాల్లో ఎండాకాలం ఎనిమిది తీసేస్తే 44. దసరాకి రెండు, సంక్రాంతికి ఒకటి, 41. జ్వరాలు, పెళ్ళిళ్ళు, ఊరి ప్రయాణాలకి నాలుగు, 37. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో జలుబు ఒకరితో మొదలై ముగ్గురినీ చుట్టి అమ్మ దగ్గర ఆగుతుంది, దానికే పది రోజులు. మొదట్లో పరీక్షించి చూసుకోవడానికి మూడు, చివర్లో తిరగేయడానికి రెండు. మిగిలేవి 32 వారాలు. వారానికి నాలుగు రోజులే కొత్త పాఠం, ఐదో రోజు వెనకబడింది పూర్తిచేయడానికి. లెక్కల పుస్తకంలో పన్నెండు పాఠాలుంటే ఒక్కోదానికి రెండున్నర వారాలు. కానీ సమానంగా పంచకూడదు. ఆకారాల పాఠం వారంలో అయిపోతుంది, భిన్నాలు ఐదు వారాలు తింటాయి.

ఏడాదికి రాయాల్సింది ఒక్క పేజీ: ఏ నెలకి ఎవరు ఎక్కడుండాలన్నది. వివరంగా రాసేది వారానిదే. రోజువారీ ప్లాన్ పది నెలలకి ముందే రాసుకున్నవాళ్ళు మొదటి జ్వరం రాగానే తేదీలు కొట్టేయడం మొదలుపెడతారు, మూడోసారి కొట్టేశాక పుస్తకమే మూసేస్తారు. అందుకే పాఠాలకి తేదీలు వేయకుండా వరస అంకెలు వేయమన్నాను.

మొదటి మూడు వారాలు కొత్తగా ఏమీ చెప్పకూడదు. పుస్తకం కొనకముందే పిల్ల ఎక్కడుందో చూడాలి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో చేస్తున్న అసర్ సర్వే కాగితం దీనికి చక్కగా సరిపోతుంది. చదవడానికి అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కలకి అంకెలు, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం. ఒక్కొక్కరికీ పది నిమిషాలు చాలు. తప్పు వచ్చినప్పుడు సరిదిద్దకుండా ఎలా చేశావని అడిగి, చెప్పింది రాసుకోవాలి.

పెద్దవాడిని అలా అడిగితే 52లోంచి 27 తీసేస్తే 35 అన్నాడు. కార్పొరేట్ బడిలో నాలుగో తరగతి పూర్తిచేసిన పిల్లవాడు. 7లోంచి 2 తీస్తే 5, 5లోంచి 2 తీస్తే 3. చిన్న అంకెలోంచి పెద్దది పోదని వాడికి తెలుసు, అందుకని తిప్పేశాడు. ఇది బుర్ర లేక చేసే తప్పు కాదు. పదుల కట్ట విప్పడం ఎప్పుడూ చూడకుండా, 'పక్కింటికెళ్ళి ఒకటి అప్పు తెచ్చుకో' అన్న మాట మాత్రమే విన్నవాళ్ళు చేసే తప్పు.

దానికి మందు ఈనుపుల్లలు. ఒకే పొడవున తుంచిన వంద పుల్లలు, పదేసి కట్టి రబ్బరు బ్యాండు వేయాలి. కట్టే పని పిల్లల చేతే చేయించాలి, ఆ కట్టడమే సగం పాఠం. 52 అంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు ఇవ్వమంటే రెండే ఉన్నాయి. ఒక కట్ట విప్పితే పన్నెండు విడివి, నాలుగు కట్టలు. ఏడు తీస్తే ఐదు, రెండు కట్టలు తీస్తే రెండు. 25. మూడు నాలుగు రోజులు పుల్లలతోనే, కాగితం లేకుండా. ఆ తర్వాత కట్ట విప్పిన ప్రతిసారీ పలక మీద 5 కొట్టేసి పైన 4 రాయాలి. చేయి విప్పినప్పుడే చేయి రాయాలి, ఒకటి ముందూ ఒకటి వెనకా కాకూడదు. ఎక్కడో ఒక కట్టలో తొమ్మిదో పదకొండో ఉంటే సమాధానం తప్పొచ్చి పిల్లకి పద్ధతి మీదే నమ్మకం పోతుంది, పొద్దున్నే కట్టలు సరిచూసుకోవాలి. ఇవయ్యాక 40లోంచి 18. విడివి ఒక్కటీ లేని లెక్క వేరే రకం, దానికి విడిగా రెండు రోజులు. 402లోంచి 156 ఇంకో వారానికి.

చిన్నదాని అక్షరాల దగ్గర ఒక్క జాగ్రత్త. అ నుంచి ఱ దాకా వరసగా దిద్దించి, ఆ తర్వాత గుణింతాలు మొదలుపెడితే మొదటి పదం చదివేసరికి సంక్రాంతి వస్తుంది. అ, ల, త, క, గ, ద వచ్చాయంటే అల, తల, కల, గద చదివేయొచ్చు, జూలైలోనే. వ–మ, ప–ష, డ–ద లాంటి జంటల్ని ఒకే వారంలో పెట్టకూడదు. మొదటిది బాగా కుదిరాక రెండోది. పొద్దున బియ్యపు పళ్ళెంలో వేలితో, మధ్యాహ్నం పలక మీద. పెన్సిల్‌కి తొందర లేదు.

నీళ్ళు, నాలుగు వారాలు

ముగ్గురికీ కలిపి చెప్పడానికి ఎనిమిది విషయాలు ఎంచుకున్నాం, ఒక్కోటీ నాలుగు వారాలు: నీళ్ళు, విత్తనం, మన ఒళ్ళు, తిండి, ఇల్లు–ఊరు, ఆకాశం, బట్ట, డబ్బు. జూన్‌లో వానలొస్తాయి కాబట్టి నీళ్ళు మొదట.

1990ల ముందూ వెనకా ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, అంటే 'అపెప్', శిక్షణల్లో చెప్పిన మాట ఇదే, చుట్టుపక్కల ఉన్నవాటితో, చేతులతో చేయిస్తూ చెప్పమని. కొందరు అయ్యవార్లు గోడలకి చార్టులు తగిలించి సరిపెట్టుకున్నారు. నిజంగా చేసినవాళ్ళ బడిలో వానాకాలం అంటే వసారా బయట ఒక సీసా ఉండేది.

ఆ సీసా ఇప్పుడే మేడ మీద పెట్టించాను, మిగతా పనులు కూడా జూన్‌కి ముందే ఒకసారి చేయించి చూశాను. కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి, గరాటులా తలకిందులుగా అందులోనే దించాలి. అడుగు వంకరగా ఉంటుంది కాబట్టి గులకరాళ్ళు వేసి, పక్కలు నిటారుగా మొదలయ్యే దాకా నీళ్ళు పోసి అక్కడ సున్నా గీత పెట్టాలి. స్కేలు అంటించి రోజూ పొద్దున ఎనిమిదికి మిల్లీమీటర్లు రాసుకోవాలి. గోడ పక్కనా చెట్టు కిందా పెడితే లెక్క తప్పుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. వంద చదరపు మీటర్ల మేడ మీద పది మిల్లీమీటర్లు పడితే వెయ్యి లీటర్లు. పెద్దవాడికి ఇదంతా గుణకారమే, కాకపోతే గుణకారమని వాడికి చెప్పలేదు. కారే కుళాయి కింద పది నిమిషాలు గ్లాసు పెట్టి, 50 మిల్లీలీటర్లొస్తే రోజుకెంతో కట్టమంటే 7,200 మిల్లీలీటర్లని కట్టి, వాళ్ళ నాన్న చేత వాషర్ మార్పించాడు. నడిమిది ఐదు 200 మిల్లీలీటర్ల గ్లాసులు పోసి లీటరు అయిందని మూడు వాక్యాలు రాసింది. చిన్నదాని పని ఏది మునుగుతుంది, ఏది తేలుతుంది అని చూడటం. నిమ్మకాయ తేలింది, తొక్క తీసింది వేసి చూస్తే మునిగింది. దాని మీద ఇంట్లో పెద్ద చర్చ.

పెళ్ళిపత్రికలు

మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెబడుల కోసం కార్డుల పద్ధతి తయారుచేశారు. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ, ప్రతి మెట్టుకీ కొన్ని కార్డులు, ఏ రకం పనో తెలిసేలా కార్డు మీద ఒక గుర్తు. పిల్ల తన మెట్టు తానే చూసుకుని తన కార్డు తానే తీసుకుంటుంది. కర్ణాటకలో 'నలి కలి', తమిళనాడులో కార్డుల బడులు దీని నుంచి వచ్చినవే. ఒంటిగది అయ్యవారికి దీనివల్ల వచ్చిన లాభం ఒక్కటే, చాలా పెద్దది: "ఇప్పుడేం చెయ్యమంటారు సార్" అన్న మాట బడిలో తగ్గిపోయింది.

ఇంట్లో చేసుకోవడానికి పాత పెళ్ళిపత్రికలు బాగుంటాయి. మందంగా ఉంటాయి, వెనక వైపు ఖాళీ. మూడంగుళాలకి ఐదంగుళాలు కోసి, నేర్చుకునే కార్డుకి ఆకు గుర్తు, సాధన కార్డుకి చీమ, సరిచూసుకునేదానికి కన్ను. సాధన కార్డు జవాబు వెనకే ఉండాలి. లేకపోతే ప్రతి కార్డుకీ అమ్మ దగ్గరికి వస్తారు, కార్డు పెట్టిన ఫలమే పోతుంది. ఒకేసారి రెండు వందలు రాసి పెట్టుకోవద్దు. వారానికి పది చాలు, ఎందుకంటే ఏ మెట్టు దగ్గర పిల్ల జారుతుందో ముందు తెలియదు, సగం కార్డులు వృథా అవుతాయి.

పుస్తకాలకి డబ్బు పోయాల్సిన పని లేదు. భాషల పుస్తకాలు తప్ప మిగతా ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వస్తున్నాయి. ఇంట్లో రెండు భాషలూ సాగాలంటే అంతకంటే వీలైనవి లేవు. లెక్కలకి, తెలుగుకి ప్రభుత్వ పుస్తకాలే చాలు. పెట్టెల కొద్దీ వచ్చే విదేశీ కిట్లు ముందే కొన్నవాళ్ళ ఇళ్ళల్లో ఆగస్టుకి సగం సీలు కూడా తీయరు.

కాగితాల సంగతి కూడా అడిగింది. ఇంటి చదువు గురించి విద్యాహక్కు చట్టం విడిగా ఏమీ చెప్పదు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో ప్రాథమిక స్థాయికి మూడు మెట్లున్నాయి: ఎ మూడో తరగతికి, బి ఐదుకి, సి ఎనిమిదికి సమానం. పదో తరగతి పరీక్షకి పద్నాలుగేళ్ళు నిండాలి. రెండు రాష్ట్రాల్లోనూ సొంత ఓపెన్ స్కూళ్ళున్నాయి. మధ్యలో మనసు మారి బడికి పంపాలంటే వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని అదే చట్టంలో నాలుగో సెక్షన్ ఉంది. అయినా పాత బడి టీసీ, పుట్టిన తేదీ పత్రం ఒక కవర్లో, నెలకి ఒక్కొక్కరి నోటు పుస్తకంలోంచి రెండు పేజీలు తేదీ వేసి ఇంకో కవర్లో పెట్టుకోమన్నాను. ప్రిన్సిపాల్ ముందు కూర్చున్నప్పుడు సెక్షన్ నంబరు కంటే ఆ పేజీలు ఎక్కువ పనిచేస్తాయి.

అన్నీ తేలాయిగానీ హిందీ దగ్గర ఆగిపోయాం. మొదటి ఏడాది పెద్దవాడికి రెండు భాషలు చాలు, మూడోది సంక్రాంతి తర్వాత చూద్దామన్నాను. వాళ్ళాయనకి నచ్చలేదు, ఉద్యోగం ఢిల్లీకి మారితే ఎలాగంటాడు. జూన్‌కి ఇంకా నెల ఉంది. రోజూ రాత్రి అన్నాల దగ్గర ఆ గడి ఒకరు పెడుతున్నారు, ఇంకొకరు తీసేస్తున్నారు.